వాడిన పట్టుచీరలు అమ్మిపెట్టే షాపు: ర్యాకులు నిండిపోయాయి, ఓనర్ల ఫోన్లు ఆగట్లేదు (విశాఖ)

కొంగుముడి (అక్కయ్యపాలెం) అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మాది అక్కయ్యపాలెం. మెయిన్ రోడ్డు మీద కాదు, లోపల సందులో మా ఇంటి ముందుగదినే షాపు చేశాను. ఒకటి రెండుసార్లు కట్టి బీరువాలో పెట్టేసిన పట్టుచీరలు, రిసెప్షన్ లెహంగాలు, ఆడపిల్లల లంగా ఓణీలు ఎవరైనా తెచ్చిస్తే నా దగ్గర ఉంచి అమ్మిపెడతాను. అమ్ముడైతే నూటికి అరవై వాళ్లకి, నలభై నాకు. అమ్ముడవకపోతే వెనక్కి ఇచ్చేస్తాను. చేతి డబ్బు పెట్టి సరుకు కొనక్కర్లేదు, రిస్కు లేదు కదా అని ఉగాదికి మొదలుపెట్టాను.

రిస్కు లేదు సరే, టెన్షన్ మాత్రం బోలెడు.

మొదట్లో సరుకు ఎవరిస్తారా అనుకున్నాను. ఇప్పుడు వద్దన్నా వచ్చి పడుతోంది. ఎదురింటివాళ్లు, వాళ్ల ఆడపడుచు, ఉక్కునగరం నుంచి ఆ ఆడపడుచు తోటికోడలు. సంచి తెచ్చి గుమ్మంలో పెట్టి "నువ్వే చూసి పెట్టుకోమ్మా, నాకు ఆటో ఆగింది" అని వెళ్లిపోతారు. విప్పితే పైన రెండు మంచి చీరలు, కింద ఎప్పటివో సింథటిక్ చీరలు. ఒక సంచి అడుగున అబ్బాయి స్కూలు నిక్కరు కూడా దొరికింది. అది ఎంతకి పెట్టమంటారో మరి.

ధర దగ్గర ఇంకో గొడవ. ఒకావిడ కంచిపట్టు తెచ్చారు. ముదురాకుపచ్చ ఒళ్లు, మెరూన్ అంచు, చీర నిజంగా బాగుంది. పెళ్లికి 18,000 పెట్టి కొన్నారట, కనీసం 15,000 రావాలన్నారు. నేను 6,500 అన్నాను. ముఖం మాడ్చుకున్నారు. చివరికి 12,000కి ఒప్పించి చీటీ కట్టాను. షాపుకి వచ్చిన ప్రతి మనిషీ ముందు ఆ చీరే పట్టుకుంటుంది, చీటీ చూసి వదిలేస్తుంది. ఆవిడేమో రెండు రోజులకోసారి ఫోన్ చేసి "ఏమ్మా, ఇంకా పోలేదా?" అంటారు.

మరకల సంగతి మరీను. ఇంకొకరి గంధంరంగు చీర మీద నూనె మరక ఉందని కొనడానికొచ్చినావిడ చూపించింది. ఓనరుకి చెబితే "మేం ఇచ్చినప్పుడు లేదు, మీ దగ్గరే పడింది" అన్నారు. ఉందని నేను చూపించలేను, లేదని ఆవిడ చూపించలేరు.

దీనికి తోడు మన ఊరి ఉప్పుగాలి. వేలాడదీసిన చీరల్లో రెండింటికి జరీ మసకబారుతున్నట్టు అనిపిస్తోంది. మా అత్తగారు సరేసరి, రోజూ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు "ఎవరో కట్టి విడిచిన చీరలు ఇంట్లో పెట్టుకున్నాం" అని ఒకసారి గట్టిగా అనుకుంటారు, నాకు వినపడేలా.

ఈ లైనులో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి. సరుకు ఎలా వడపోయాలి? ధర ఎవరు పెట్టాలి? ఈ తలనొప్పి మానేసి నేనే రొక్కం ఇచ్చి కొనేసి అమ్ముకుంటే మేలా?

---

పట్టుపెట్టె (ఎంవీపీ కాలనీ) జవాబు:

చెల్లీ, ముందు ఆ సంచులు గుమ్మం బయటే ఆపు. నువ్వు చెప్పిన గొడవల్లో సగం దానితోనే తగ్గుతాయి.

నాది ఎంవీపీ కాలనీ, రైతుబజారు దగ్గర చిన్న షాపు. హుద్‌హుద్ తుపాను ముందు నుంచీ ఇదే పని. సరుకు తీసుకునేది వారంలో రెండే రోజులు, బుధవారం, శనివారం, పొద్దున్న పదింటి నుంచి ఒంటిగంట దాకా. మంగళ, శుక్రవారాలు ఎలాగూ మనవాళ్లు ఇంట్లోంచి చీర బయటికి ఇవ్వరు. పొద్దుటి పూటే ఎందుకంటే వెలుతురు కోసం. ట్యూబులైటు కింద పట్టుచీర చూస్తే లేత మరకలు అసలు కనిపించవు. మనిషికి ఐదు బట్టలకి మించి తీసుకోను. ఆ ఐదూ ఆవిడ ఎదురుగానే విప్పుతాను. "ఆటో ఆగింది" అంటే "అయితే శనివారం తీరిగ్గా రండి" అంటాను. వస్తారు. రాకపోతే ఆ సంచిలో ఏముందో అర్థమైపోయినట్టే.

ఎలా చూడాలో చెబుతాను, ఇదే అసలు పని కాబట్టి.

బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి చీర మొత్తం విప్పు. మొదట కింది అంచు. నడిచేటప్పుడు పట్టీలు, మెట్టెలు తగిలి అక్కడ జరీ దారం లేస్తుంది. ఫాల్ తిరగేసి చూడు, మడమ దగ్గర మట్టి పట్టి నల్లటి చార ఉంటుంది. ఫాల్ మారిస్తే అది పోతుంది, జరీ లేస్తే పోదు. తర్వాత కుచ్చిళ్లు దోపే చోటు, అక్కడ పసుపు, చెమట. తర్వాత భుజం దగ్గర పిన్ను చిల్లులు. ఒకటి రెండైతే ఫరవాలేదు, ఒకే చోట పదిసార్లు గుచ్చి ఉంటే జల్లెడే. చివరికి కొంగు. విందుల్లో చేతులు తుడుచుకునేది దానితోనే, నీ గంధంరంగు చీర మరక కూడా అక్కడే ఉండి ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక చీరని ఎత్తి కిటికీకి అడ్డంగా పట్టుకో. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత గీత వెంట పగులుతుంది. బల్ల మీద ఉంటే తెలియదు. వెలుతురుకి పడితే సూదిమొనంత చుక్కలు వరసగా కనిపిస్తాయి. ఆ వరస కనిపించిందా, చీర ఎంత అందంగా ఉన్నా మడిచి చేతిలో పెట్టెయ్. కొన్నావిడ కట్టుకుని పీటల మీద కూర్చోగానే పర్రుమంటుంది. తర్వాత మన దగ్గర చీర బాగుండదని కాలనీ మొత్తానికి తెలుస్తుంది.

మన ఊరికే ప్రత్యేకమైంది ఇంకోటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు బీరువాల్లో తడిసిన చీరలు ఇప్పటికీ బయటికి వస్తున్నాయి. అంచు రంగు ఒంట్లోకి పాకి, నీరు ఆగిన చోట గోధుమరంగు గీత అలలాగా వంకరగా ఉంటుంది. నేను డ్రైక్లీనింగుకి ఇచ్చి చూసినవాటిలో ఒక్కదానికీ పోలేదు. అవి తీసుకోకు.

పట్టేనా కాదా అన్న అనుమానం వస్తే ఓనరుని అడిగి కొంగు చివర కుచ్చులోంచి ఒక్క పోగు లాగి వెలిగించు. పట్టయితే వెంట్రుక కాలిన వాసన, వేళ్ల మధ్య నలిపితే బూడిద పొడి. పాలిస్టరైతే కరిగి గట్టి పూస అవుతుంది. అసలు పట్టు అని హామీ ఇచ్చే సిల్క్ మార్క్ ట్యాగు ఏదీ అని అడిగి లాభం లేదు. అది 2004లో వచ్చింది, అమ్మల కాలం చీరలకి ఉండదు, తర్వాతి వాటికి ఉన్నా ఎవరూ దాచుకోరు. జరీ సంగతికొస్తే, అసలుదైతే పట్టుదారం చుట్టూ వెండి తీగ, దాని మీద బంగారు పూత. నకిలీలో వెండి బదులు రాగి, మరీ చవకదైతే ప్లాస్టిక్కే. ఓనరు "అసలు జరీ" అని గట్టిగా పట్టుబడితే నేను వాదించను. కురుపాం మార్కెట్లో వెండి టంచు (స్వచ్ఛత) చూసేవాళ్ల దగ్గరికి వెళ్లి చూపించుకుని రమ్మంటాను. చీర చిరిగి జరీ మాత్రం అసలుదైతే, పాత జరీ కొనేవాళ్లే నాకంటే ఎక్కువ ఇస్తారు. ఆ మాటా చెప్పేస్తాను. అలా చెప్పి పంపించినావిడ మరుసటి నెల కూతురి లెహంగా తెచ్చింది.

ఇక ధర. ఎంతకి కొన్నారో విను, "అబ్బా, బాగుంది" అను, కానీ చీటీ మీదకి దాన్ని రానీకు. నేను ఒక్కటే అడుగుతాను: "అమ్మా, ఇలాంటి చీరే ఎవరో కట్టింది మీకు అమ్మితే ఎంతిస్తారు?" కాసేపు మాట్లాడరు. తర్వాత వాళ్ల నోటి నుంచే ఓ అంకె వస్తుంది, అది చాలాసార్లు నా అంకె కన్నా తక్కువే ఉంటుంది. నా మామూలు లెక్క, కొత్తది ఇప్పుడు బయట ఎంతుందో దానిలో మూడోవంతు నుంచి సగం లోపు. జాకెట్టు ముక్క కత్తిరించకుండా ఉంటే సగం వైపు, జాకెట్టు కుట్టేసుకుని ఉంటే మూడోవంతు వైపు. ఎందుకంటే ఒకరి జాకెట్టు ఇంకొకరికి పట్టదు, కొన్నావిడ మ్యాచింగ్ గుడ్డ వెతుక్కోవాలి. నీ ఆకుపచ్చ కంచిపట్టుకి 6,500 అన్న మాటే కరెక్టు.

తగ్గింపు కూడా మొదటి రోజే రాసుకో. నాది మూడు నెలల గడువు. మొదటి నెల చీటీ ధర, రెండో నెల 20 శాతం తక్కువ, మూడో నెల 40 శాతం తక్కువ. గడువు దాటాక పదిహేను రోజుల్లో తీసుకెళ్లాలి. ఇదంతా చీటీ మీద ఉంటుంది, కింద ఆవిడ సంతకం. కాబట్టి తగ్గించేటప్పుడు ఫోన్ చేసి బతిమాలుకోవాల్సిన పని లేదు. "ఇంకా పోలేదా" ఫోన్లకి కూడా ఇదే మందు. అమ్ముడైన రోజు వాట్సాప్‌లో ఒక్క మెసేజ్, డబ్బు నెలకోసారి ఐదో తారీకున. ఐదో తారీకు అంటే ఐదో తారీకే. ఆ రోజు గల్లాలో లేకపోతే అప్పు చేసైనా ఇవ్వు. అసలు వాళ్ల అరవై శాతం గల్లాలో ఉండకూడదు, అమ్మిన సాయంత్రమే వేరే బ్యాంకు ఖాతాలో వేసెయ్. అది మన డబ్బు కాదు.

తీసుకునేటప్పుడు ఫోటోలు తియ్యి. చీర మొత్తం ఒకటి, లోపం ఉన్న చోట దగ్గర నుంచి ఒకటి. "కొంగున రూపాయి బిళ్లంత మరక, భుజం దగ్గర మూడు చిల్లులు" అని చీటీ మీద రాసి ఆవిడకి చదివి వినిపించు. డ్రైక్లీనింగు, రోలింగు (రోలరు మీద చీర సాపు చేయించడం) ఖర్చు ఎవరిదో కూడా అక్కడే. నా దగ్గర ఓనరుదే, అమ్మిన డబ్బులోంచి మినహాయిస్తాను.

ఇంకొకటి అడగడం మర్చిపోకు: ఈ చీర ఎవరిది? ఒకసారి ఒకమ్మాయి చక్కటి గద్వాల చీర తెచ్చింది. నేను కిటికీ దగ్గర వేలాడదీశాను. శనివారం రైతుబజారు నుంచి కూరల సంచితో వెళుతున్న ఓ పెద్దావిడ గుమ్మంలో ఆగిపోయి "నా చీర ఇక్కడేటి చేస్తంది?" అంది. కోడలు బీరువా సర్దుతూ "అత్తయ్య ఎలాగూ కట్టట్లేదు" అనుకుని తెచ్చేసిందట. ఆ సంచిలో ఆనపకాయ ఉంది, దానితో కొడుతుందేమో అనుకున్నాను. చీర ఆవిడకే ఇచ్చి, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను. అప్పటి నుంచి ఆధార్ కాపీ, "ఈ వస్తువు నాదే, అమ్మే హక్కు నాకుంది" అన్న ఒక లైను లేనిదే తీసుకోను. దొంగసొత్తు వస్తే కూడా ఆ కాగితమే మనకి దిక్కు.

జరీ విషయం. కంచిపట్టుని హ్యాంగరుకి రోజుల తరబడి వేలాడదీయకు, బరువుకి సాగుతుంది, గాలి కూడా తగులుతుంది. వెండి నల్లబడేది గాలిలోని గంధకం వల్ల, మన తేమ దాన్ని తొందర చేస్తుంది. ఉతికి గంజి పోగొట్టిన పాత నూలు పంచెలో చుట్టి అరలో పెట్టు. ప్లాస్టిక్ కవరు వద్దు. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలనివ్వకు, సెంటు అసలు కొట్టకు. రెండు మూడు నెలలకోసారి మడత మార్చు. షాపులో ఒకటి రెండు మాత్రమే వేలాడదీసి, వాటిని వారం వారం మారుస్తూ ఉండు.

రొక్కానికి కొనడం అంటావా, పిల్లల పట్టులంగాలు, లంగా ఓణీలు వరకు కొను. ఒక్క ఫంక్షనుకి వేసుకుని ఏడాదికి పొట్టి అయిపోతాయి కాబట్టి కొత్తవాటిలా ఉంటాయి, ధర తక్కువ, నిలవ ఉండవు. చీరలు మాత్రం కొనకు. మూఢం వచ్చిందంటే పెళ్లిళ్లు ఆగిపోతాయి, నీ డబ్బు అరలో మడతపెట్టి ఉంటుంది. శ్రావణం ముందు అదే చీరకి ఇద్దరు పోటీ పడతారు. మార్గశిరంలో గురువారాలు షాపు తీసినా ఒకటే తీయకపోయినా ఒకటే, సగం ఊరు బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరుంటుంది. ఈ ఎగుడుదిగుళ్లు ఓనరు చీరతో తట్టుకోవచ్చు, సొంత పెట్టుబడితో కష్టం.

---

గళ్లచొక్కా (గాజువాక) జవాబు:

ఇంత తతంగం ఎందుకండీ? ఇన్‌స్టాలో పేజీ పెట్టి లైవ్‌లో చూపిస్తే గంటలో అయిపోతాయి. మా పిన్ని అలాగే కొత్త చీరలు అమ్ముతోంది. షాపు, అద్దె, ర్యాకులు ఏమీ అక్కర్లేదు.

---

పట్టుపెట్టె:

బాబూ, కొత్త చీర లైవ్‌లో అమ్మొచ్చు, ఒకటి బాగుంటే పదీ బాగుంటాయి. వాడింది ప్రతిదీ వేరు. కెమెరాలో మరక కనపడదు, ఇంటికెళ్లాక కనపడుతుంది, పార్శిల్ వెనక్కి వస్తుంది, రెండువైపులా కొరియర్ ఖర్చు ఎవరిది? చేత్తో పట్టుకుని చూసి కొన్నావిడ నాకు వెనక్కి తేదు. ఇన్‌స్టా నాకూ ఉంది, మేనకోడలు చూస్తుంది. ఫోటో పెట్టి "షాపుకి వచ్చి చూసుకోండి" అని రాస్తుంది, అంతవరకే. యూనివర్సిటీ అమ్మాయిలు ట్రెడిషనల్ డే ముందు అలా చూసే వస్తారు. వాళ్లకి 1,500 లోపు చీర ఉంటే చాలు, ఎవరు కట్టారని అడగరు.

---

ఖాతాపుస్తకం (ద్వారకానగర్) జవాబు:

నేను అకౌంట్సు చూసే మనిషిని. చీరల గురించి ఏమీ తెలియదు, మా ఆవిడ బీరువా జోలికి పోను. కాగితాల వైపు మాత్రం చెబుతాను.

కమీషన్ మీద అమ్మేవాళ్లు చాలామంది "నా ఆదాయం నలభై శాతమే, కాబట్టి జీఎస్టీ లిమిట్‌కి అదే లెక్క" అనుకుంటారు. అలా కాదు. జీఎస్టీ చట్టం 22వ సెక్షన్ వివరణలో, సొంతంగా అమ్మినవే కాక యజమానుల తరఫున అమ్మినవి కూడా టర్నోవరులో కలుస్తాయని ఉంది. చీర 6,500కి పోతే 6,500 లెక్కలోకి వస్తుంది, మీ 2,600 ఒక్కటే కాదు. మన రాష్ట్రంలో వస్తువులు మాత్రమే అమ్మేవాళ్లకి రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 40 లక్షలు. కమీషన్ అనేది సేవ కిందికి వస్తుంది, దానికి 20 లక్షలు. కాబట్టి మొత్తం అమ్మకాలు 20 లక్షల వైపు వెళ్తున్నాయంటే మీ ఆడిటర్ దగ్గర కూర్చోండి.

రొక్కానికి కొని అమ్మితే లెక్క వేరు. వాడిన వస్తువులకి మార్జిన్ పద్ధతి ఉంది, సీజీఎస్టీ రూల్స్‌లో 32(5). కొన్న ధరకీ అమ్మిన ధరకీ తేడా మీదే పన్ను. ఆ వస్తువు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మినహాయించుకోవడం) తీసుకుని ఉండకూడదు, వస్తువు స్వరూపం మార్చకూడదు. శుభ్రం చేయించడం లాంటి చిన్నాచితకా పనులు ఫరవాలేదు. పాత చీర కోసి ఫ్రాకు కుట్టించి అమ్మితే మాత్రం అది వాడిన వస్తువు అమ్మడం కింద నిలబడదు. లంగా ఓణీల గురించి పైన ఆవిడ చెప్పిన సలహా ఈ లెక్కకి సరిపోతుంది, ప్రతి కొనుగోలుకీ అమ్మినావిడ సంతకంతో కాగితం ఉంచుకుంటే చాలు.

మరక గొడవకి సంబంధించి 1872 కాంట్రాక్టు చట్టం చూడండి. ఒకరి వస్తువు మీ దగ్గర ఉంచుకుంటే దాన్ని బెయిల్‌మెంట్ అంటారు, 148వ సెక్షన్. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువుని ఎలా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలని 151 చెబుతుంది. అంత జాగ్రత్త తీసుకున్నాక కూడా పాడైతే, వేరే ఒప్పందం లేకపోతే, బాధ్యత మీది కాదని 152. అంటే పై కప్పు కారి చీర తడిసిందనుకోండి, కారుతోందని ముందే తెలిసి ఊరుకున్నారా లేదా అన్నదే అడుగుతారు. చీటీ మీద "చీరకి మేం ఇచ్చే గరిష్ఠ పరిహారం, ఒప్పుకున్న ధరలో మీ వాటా" అని ఒక లైను పెట్టుకోండి. లేకపోతే రేపు 6,500 చీరకి 18,000 అడుగుతారు. జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) ట్రేడ్ లైసెన్సు ఇంటి ముందుగదికైనా అవసరమే, అదీ చూసుకోండి.

---

బదిలీల ఇల్లు (మల్కాపురం) జవాబు:

నేను చీరలు ఇచ్చే వైపు మనిషిని. మా వారు నేవీలో. రెండు మూడేళ్లకోసారి ఇల్లు మారుతుంది, ప్రతిసారీ వేసవిలో స్కూళ్లకి సెలవులివ్వగానే ప్యాకింగు. ఆ టైముకి మా క్వార్టర్స్‌లో ప్రతి ఇంట్లోనూ తీసుకెళ్లాలా వద్దా అని తేలని చీరలు ఉంటాయి. ఆ నెలల్లో మీ బుధవారాలు పెంచుకోండి, సరుకు వద్దు అనుకునే షాపుకి కూడా పనికొచ్చేవి అప్పుడే వస్తాయి.

మాలాంటి వాళ్లం ధర కోసం పెద్దగా గీసి గీసి అడగం. మాకు కావాల్సింది ఊరు వదిలాక కూడా డబ్బు వస్తుందన్న నమ్మకం. వేరే ఊళ్లో ఒక షాపులో నాలుగు చీరలు ఇచ్చి వచ్చాను, రెండు నెలల తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. గడువు దాటితే చీర ఏం చేయాలో కూడా మీ చీటీ మీదే అడగండి. నేను వెనక్కి రాలేను కదా. "గడువు దాటాక దానం చేయవచ్చు" అని ఒక గడి ఉంటే టిక్కు పెట్టి వెళ్లిపోతాను.

ఒక్కటి మాత్రం ఎవరితోనూ మాట్లాడలేకపోతున్నాను. మా అమ్మ పోయి ఏడాది దాటింది. ఆవిడ చీరలు ఎనిమిది నా దగ్గరున్నాయి, వెంకటగిరి, ఉప్పాడ, రెండు పొందూరు ఖాదీ. నాలుగు నేను కట్టుకుంటాను. మిగతావి బీరువాలో మడతల్లో పగిలిపోయే కన్నా ఎవరైనా కట్టుకుంటే బాగుండు అనిపిస్తుంది. పోయినవాళ్ల చీరలు షాపులో తీసుకుంటారా? కొనేవాళ్లకి చెబుతారా?

---

కొంగుముడి:

పట్టుపెట్టె అక్కా, ఖాతాపుస్తకం గారూ, అందరికీ థాంక్స్. ఇవాళే బోర్డు రాయించడానికి ఇచ్చాను: సరుకు తీసుకొను వేళలు బుధ, శని ఉదయం 10 నుంచి 1. మా అత్తగారు బోర్డు చూసి "పోనీలే, మిగతా రోజులైనా వరండా ఖాళీగా ఉంటుంది" అన్నారు. ఆవిడ నోట అది మెచ్చుకోలే.

ఆకుపచ్చ చీర ఆవిడకి ఫోన్ చేసి మీరు చెప్పిన ప్రశ్నే అడిగాను. కాసేపు ఆగి "ఐదు వేలు" అన్నారు. నేనే 6,500 పెడదామండీ అన్నాను.

రెండు సందేహాలు మిగిలాయి. మడతల్లో పగిలిన చీరలు ఇప్పటికే తీసుకున్నవి కొన్ని ఉన్నాయి, వాటిని ఏం చేయను? బదిలీల ఇల్లు గారు అడిగినదానికి నాకూ జవాబు కావాలి. మా దగ్గరకి కూడా అలాంటి చీరలు వచ్చాయి, ఏం చెప్పాలో తెలియక లోపల అరలో పెట్టాను. ఇంకా, రోలింగుకి ఇచ్చేటప్పుడు ఫాల్ ఉంచాలా తీసేయాలా?

---

పట్టుపెట్టె:

బదిలీల ఇల్లు అమ్మా, తీసుకుంటాను. సంవత్సరీకం అయిపోయిందా అని మాత్రం అడుగుతాను. కాకపోతే అయ్యాక తెమ్మంటాను. అది నా పట్టింపు కాదు, ఇంట్లో రేపు ఇంకెవరో "అప్పుడే అమ్మేశావా" అని నీ మీద పడకుండా. తోబుట్టువులు ఉంటే వాళ్లకీ ఓ మాట చెప్పి తీసుకురా. పెళ్లి మధుపర్కాలు, పసుపు బట్టలు ఎవరివైనా తీసుకోను. అవి ఎవరూ కొనరు, అమ్మకూడదు కూడా అని నా ఉద్దేశం.

కొనేవాళ్లకి నేనై చెప్పను, అడిగితే దాచను. అడిగేవాళ్లు ఎక్కువగా వ్రతానికో, శ్రీమంతానికో కొనేవాళ్లు. వాళ్లకి ఆ చీర చూపించనే చూపించను, వేరేది తీస్తాను. పొందూరు ఖాదీ, ఉప్పాడ కొనేవాళ్లలో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఎక్కువ. రోజూ కట్టుకోవడానికే కొంటారు. "మంచి నేత అమ్మా, ఇప్పుడు ఈ ధరకి దొరకదు" అని వాళ్లే నాకు చెబుతారు. నీ చీరలకి సరైన చోటు అదే. ఖాదీని మాత్రం గంజి పెట్టించి తీసుకురా, మెత్తబడిన ఖాదీ అరలో ముసలిదానిలా కనిపిస్తుంది.

కొంగుముడీ, పగిలిన చీరల ఓనర్లకి ఫోన్ చేసి రెండు దారులు చెప్పు: తీసుకెళ్తారా, ముక్కలుగా అమ్మమంటారా. ఒళ్లు పోయినా చాలావాటికి అంచు, కొంగు గట్టిగానే ఉంటాయి. చిన్నపిల్లల లంగాలు, లాంగ్ ఫ్రాకులు కుట్టే టైలర్లు వాటి కోసం వెతుక్కుంటూ వస్తారు. చీర చీరగానే వాళ్లకి అమ్మెయ్, కోత వాళ్ల పని. నువ్వు కోయించి కుట్టించి అమ్మావంటే ఖాతాపుస్తకం గారు చెప్పిన తిరకాసు ఉంది. ధర 500 నుంచి 1,200 దాకా, కొంగు పెద్దదైతే ఇంకాస్త. చీటీ మీద "చిరుగు ఉంది, కట్టుకోవడానికి పనికిరాదు" అని ఎర్ర సిరాతో రాయి. లేకపోతే ఎవరో ఒకరు మోజుపడి కట్టుకుందామనే కొనుక్కుపోతారు.

రోలింగుకి ముందు ఫాల్ విప్పించు. పాత ఫాల్ ముడుచుకుని ఉంటే రోలింగులో అంచు కుచ్చుపడిపోతుంది, తర్వాత సరిచేయలేరు. విప్పిన ఫాల్ పారేసి, అమ్ముడయ్యాక కొన్నావిడ చేతే కొత్తది వేయించుకోమను. పీకో ఊడితే అదీ అప్పుడే. చిరుగు అనుమానం ఉన్న చీర మాత్రం రోలింగుకి అసలు ఇవ్వకు, ఆ లాగుడుకి మిగిలింది కూడా పోతుంది.